జరిమానా ధరగా మారినప్పుడు

శిక్ష పెడితే నియమోల్లంఘన తగ్గుతుందని మనం అనుకుంటాం. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉరీ గ్నీజీ, ఆల్డో రుస్టిచినీ అనే ఆర్థికవేత్తలు 10 శిశుసంరక్షణ కేంద్రాలను పరిశీలించి, ఫలితాలను 2000లో ప్రచురించారు. సాయంత్రం పిల్లలను తీసుకువెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు 6 కేంద్రాల్లో 10 షెకెళ్ల జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి! ఎందుకో ఆలోచించండి. అంతకుముందు టీచరును కూర్చోబెడుతున్నామన్న మొహమాటం ఉండేది. డబ్బు కట్టాక ఆ అదనపు సమయం కొనుక్కున్న సేవ అయిపోయింది. తర్వాత జరిమానా ఎత్తివేసినా ఆలస్యాలు తగ్గలేదు.

పరీక్ష ఫీజు గడువును ‘ఆలస్య రుసుముతో కట్టవచ్చులే’ అని మీరెప్పుడైనా వదిలేశారా? చదువుకునే రోజుల్లో నేనూ గ్రంథాలయ జరిమానాను అద్దెలా కట్టి పుస్తకాలు ఉంచేసుకునేవాణ్ణి. వాటికోసం ఎదురుచూసే తోటి విద్యార్థులు గుర్తుకొచ్చేవారు కాదు.