గుటుక్కున దిగే గుడ్డు సూపు

పళ్లు పీకించుకున్న మా అత్తగారు వారం రోజులుగా జావే తాగుతున్నారు. "ఇంక ఈ జావ నా వల్ల కాదమ్మాయ్" అంటే ఈ సూపు చేసిపెట్టాను. ఇది ఇటలీలో రోము వాళ్ల వంట. పేరు స్ట్రాచ్చతెల్లా, అంటే చిన్న చిన్న పేలికలని అర్థం. సూపులో గుడ్డు అలాగే తేలుతుంది మరి!

కావలసినవి (నలుగురికి): చికెన్ ఉడికించి వడకట్టిన నీళ్లు 1 లీటరు, గుడ్లు 3, చీజ్ తురుము 3 పెద్ద చెంచాలు (అక్కడ పర్మెజాన్ చీజ్ వాడతారు), బొంబాయి రవ్వ 1 పెద్ద చెంచా, జాజికాయ పొడి చిటికెడు, మిరియాల పొడి, ఉప్పు తగినంత.

తయారుచేసే విధానం: గుడ్లు గిలక్కొట్టి చీజ్, రవ్వ, జాజికాయ పొడి, ఒక గరిటెడు చల్లటి చికెన్ నీళ్లు కలపండి. మిగతా నీళ్లు మరిగాక మంట తగ్గించి, గుడ్డు మిశ్రమాన్ని సన్నటి ధారగా పోస్తూ, రెండో చేత్తో ఫోర్కుతో తిప్పుతూ ఉండండి. మొదటిసారి నేను తొందరపడి ఒక్కసారే కుమ్మరించేశాను. ముద్దకట్టి అట్టులా తేలింది! సన్నటి సెగమీద 3 నిమిషాలు ఉంచి మిరియాల పొడి చల్లి దింపండి. చీజ్‌లో ఉప్పు ఉంటుంది కనుక రుచి చూశాకే ఉప్పు వేయండి.

వేడివేడిగా తాగితేనే బాగుంటుంది. మా అత్తగారు రెండో కప్పు అడిగి మరీ తాగారు. మీ ఇంట్లోనూ నమలలేని పెద్దవాళ్లుంటే చేసిపెట్టి చూడండి.