అరకు కొండలకు అండగా నిలిచిన తీర్పు

అరకులోయ: విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలు బొడ్డవర దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే ప్రయాణికుల చూపు కిటికీల నుంచి మరలదు. సొరంగం వెనుక సొరంగం, నడుమ నడుమ లోతైన లోయలు, వర్షాకాలమైతే పట్టాల పక్కనే దూకే జలపాతాలు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960లలో వేసిన మార్గమిది. 2017లో దీనిపై అద్దాల పైకప్పు గల పెట్టె కూడా వచ్చింది.

అరకు కంటే ముందే వచ్చే బొర్రాగుహలు స్టేషన్‌లో దిగేవారు అధికం. సున్నపురాతిని నీరు వేల ఏళ్లుగా కరిగించగా ఏర్పడిన గుహలివి. పైకప్పు నుంచి జారే ఒక్కొక్క చుక్కా వదిలిన సున్నమే రాతి ఊడలుగా, శివలింగాలుగా రూపుదిద్దుకుంది. గోస్తనీ నది పుట్టుక కూడా ఇక్కడేనని చెబుతారు. మేస్తూ వెళ్లిన ఆవు కప్పులోని రంధ్రం గుండా లోపల పడిందనీ, దానిని వెతుకుతూ వచ్చిన కాపరికి లింగం కనిపించిందనీ స్థానికుల కథనం.

ఈ సున్నపురాయే ఒకనాడు ఈ కొండలకు ముప్పు తెచ్చింది. బొర్రా పరిసర గిరిజన గ్రామాలలో సున్నపురాయి, అభ్రకం వంటి ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇవ్వడంపై 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం చేసింది. హైకోర్టులో ఓడినా వెనుదీయలేదు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే '1/70' నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుందా అన్నదే అసలు ప్రశ్న. వర్తిస్తుందని, ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తి కిందకే వస్తుందని 1997 జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాలలో అటువంటి లీజులు చెల్లవని తేల్చింది. దేశంలోని గిరిజన ప్రాంతాలన్నింటా నేటికీ ఉదహరించే 'సమత తీర్పు' ఇదే.

లోయ అందానికి ముచ్చటపడి అర ఎకరం కొనుక్కుందామనుకునే సందర్శకులకూ ఈ సంగతి అవసరం. ఇక్కడ గిరిజనేతరుడు గిరిజనుడి నుంచే కాదు, మరో గిరిజనేతరుడి నుంచి కొన్నా ఆ బదలాయింపు చెల్లదు. గిరిజనుని పేరు అడ్డుపెట్టి కొనే బేనామీ ఒప్పందాలకూ చట్టంలో చోటు లేదు. దళారులు ఈ మాట చెప్పరు.

రావడానికి నవంబరు నుంచి జనవరి వరకు అనుకూలం. తొలినాళ్లలో వలిసె పూలతో పొలాలు పసుపు పరుచుకుంటాయి. సిల్వర్‌ఓక్ చెట్ల నీడన గిరిజన రైతులు ఎర్రని కాఫీ పండ్లు కోస్తుంటారు, అవే చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. వారాంతపు రద్దీలో గది దొరకడం కష్టం గనుక ముందుగానే మాట్లాడుకోవాలి. చలి దుస్తులు తప్పనిసరి.