పాలకొల్లు మాండలిన్, ‘శక్తి’ బృందం, రసికుల తగవు

సంగీత రసికుల తగవు పొలం గట్టు తగవు వంటిది. గట్టు జానెడు ఇటు జరిగినదా, అటు జరిగినదా అని మొదలై తాతల నాటి దస్తావేజుల దాకా పోతుంది. అటువంటి తగవు ఒకటి 2000వ సంవత్సరంలో ఏలూరులో మా బాబాయి గారి ఇంటి అరుగు మీద విన్నాను. అప్పటికి నేను కళాశాల విద్యార్థిని. ‘ది బిలీవర్’ అనే సీడీ అప్పుడే కొత్తగా వెలువడినది. దానిని మద్రాసు నుండి తెప్పించినవారు బాబాయి గారు. ఆయన యౌవనంలో బొంబాయిలో ఉద్యోగం చేసి పాశ్చాత్య రికార్డులకు అలవాటు పడినవారు. రెండవ వాది తాడేపల్లిగూడెంలో పిల్లలకు వయొలిన్ చెప్పే మాస్టారు. కృతి లేని సంగీతం వినుట కాలహరణమని ఆయన మతం. మూడవవాడు నా సహాధ్యాయి. గిటారు అంటే ప్రాణం.

ఈ ముగ్గురికీ తగవు తెచ్చిపెట్టినవారు మన పాలకొల్లు మాండలిన్ విద్వాంసులు శ్రీ ఉప్పలపు శ్రీనివాస్.

సీడీ సగం తిరిగేసరికి మాస్టారు, “మన బంగారం తీసుకొనిపోయి ఇత్తడిలో కలిపినారు” అన్నారు. నా మిత్రుడు ఊరుకోలేదు. “ఇత్తడి ఎక్కడిది మాస్టారూ! ఆ గిటారు వేగం వినండి” అన్నాడు. బాబాయి గారిది మూడవ దారి. “వేగం సంగతి అటుంచవోయ్. వయొలిన్ లేనిది అసలు ఇది ‘శక్తి’ ఎట్లా అవుతుంది?” అన్నారు. తగవు అక్కడ పడినది. అది తెగవలెనంటే ముందుగా ఆ నలుగురు కళాకారులు ఎవరో, ఎందుకు కలిసినారో తెలియవలెను.

వేర్వేరు చోట్ల పేరు పొందిన విద్వాంసులు కొందరు కలిసి ఒక కొత్త బృందంగా ఏర్పడితే దానిని పాశ్చాత్యులు ‘సూపర్ గ్రూపు’ అంటారు. మన కచేరీలోనూ మేటి విద్వాంసులు నలుగురు ఒకే వేదిక మీద కూర్చుంటారు గదా అని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. కాని మన కచేరీకి యజమాని ఒకరే. గాయకుడు ఎత్తుకొన్న రాగాన్ని వయొలిన్ అనుసరించును. మృదంగం ఆయన నడకను కాచుకొని ఉండును. తని ఆవర్తనం వచ్చినప్పుడే లయ విద్వాంసునికి స్వరాజ్యం. సూపర్ గ్రూపులో నలుగురూ యజమానులే. అందువల్ల అభిమానులు కూడా నాలుగు వర్గాలై వచ్చి, ఎవరి మనిషికి ఎంత వాటా దక్కినదో లెక్క చూసుకొంటారు.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించినారు. తండ్రి శ్రీ సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసులు. ఇంట ఉన్న మాండలిన్‌ను పిల్లవాడు ఆరేండ్ల వయస్సులోనే చేత పట్టినాడు. గురువు శ్రీ రుద్రరాజు సుబ్బరాజు. చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. ఇక్కడొక విశేషం ఉన్నది. గురువు గారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడేవారు, పాడినదానిని పిల్లవాడు తీగ మీద వెతికి పట్టుకొనేవాడు. వాద్య పాఠం వేళ్ల నుండి కాక కంఠం నుండి వచ్చినది. ఆయన మాండలిన్ పాట వలె వినిపించుటకు మూలం ఇదేనని నా నమ్మకం.

మొదటి కచేరీ 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధన సందర్భంలో జరిగినది. గుడివాడ నుండి పాలకొల్లు పోవు రైలు దారి కైకలూరు, ఆకివీడు మీదుగా కొల్లేటి దక్షిణపు అంచునే సాగి భీమవరం చేరుతుంది. తొమ్మిదేండ్ల బాలుని పేరు ఆ దారి దాటుటకు ఎంతో కాలం పట్టలేదు. 1981లో మద్రాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. అప్పటికి ఆయనకు పదునాలుగేండ్లు.

మాండలిన్ కర్ణాటక సంగీతానికి పనికివచ్చునా అనే తగవు ‘ది బిలీవర్’ కంటె పాతది. మాండలిన్ ఇటలీ దేశపు వాద్యం. జంట తీగలు నాలుగు వరుసలు, మెడ పొట్టి, మెట్లు దగ్గర దగ్గరగా ఉంటవి. మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది కనుక పాశ్చాత్యులు మీటును గబగబ ఆడించి నాదాన్ని నిలుపుతారు. గమకానికి ఇది శత్రువు. మన రాగంలో స్వరం మెట్టు మీద కదలక నిలుచునది కాదు. తోడిలో గాంధారం ఊగవలెను, శంకరాభరణంలో మధ్యమం పై స్వరాన్ని తాకి రావలెను. నాదం నిలువకపోతే ఊగుట ఎక్కడిది? శ్రీనివాస్ చేసిన పని చూచుటకు చిన్నది. జంట తీగలు తీసివేసి విడి తీగలు అయిదు కట్టించినారు. వాద్యానికి విద్యుత్తును జోడించినారు. విడి తీగను మెట్టు మీద ప్రక్కకు లాగవచ్చును. విద్యుత్తు వల్ల లాగినంతసేపూ నాదం బ్రతికి ఉండును. వీణ మీద ఎడమచేయి చేసే పని ఆ పొట్టి మెడ మీద సాధ్యమైనది.

వాద్యాల విషయంలో రేడియో కూడా ఒకప్పుడు తగవులో పాలుపంచుకొన్నది. గమకం పలకదనే నెపం మీద 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసినది. ఆ నిషేధం సడలుటకు దాదాపు మూడు దశాబ్దాలు పట్టినది. ఇక వయొలిన్ సంగతి. పందొమ్మిదవ శతాబ్దిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతానికి అలవరచినారు. అదీ పరదేశి వాద్యమే. ఆనాడు అరుగు మీద నా మిత్రుడు ఈ మాట ఎత్తగానే మాస్టారు వేలు చూపి, “వయొలిన్ మన ఇంటికి వచ్చి మన మాట నేర్చుకొన్నదోయ్. ఈ అబ్బాయి మాండలిన్‌కు మన మాట నేర్పి మళ్లీ పరాయి ఇంటికి పంపుతున్నాడు” అన్నారు. మాటలో పదును ఉన్నదని నేను ఒప్పుకొంటాను.

ఆ పరాయి ఇల్లు ఎటువంటిది? జాన్ మెక్లాఫ్లిన్ 1942లో ఇంగ్లండులోని డాంకాస్టరులో పుట్టినారు. అమెరికా చేరి మైల్స్ డేవిస్ వంటి జాజ్ మహావిద్వాంసునితో రికార్డులు చేసి, 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ అనే బృందాన్ని నిలిపినారు. విద్యుత్ గిటారు, వయొలిన్, డ్రమ్ములు. చెవులు గింగురుమనే ధ్వని. అయిదు, ఏడు, తొమ్మిది లెక్కల నడకలు. నేడు యువకులు ‘ప్రోగ్రెసివ్ మెటల్’ అని పిలుచు సంగీతానికి పూర్వులను వెతికితే ఆ వంశవృక్షంలో ఈ బృందం తప్పక కనబడుతుంది.

అంత ధ్వని నుండి ఆయన ఒక్కసారిగా నేల మీదికి వచ్చి చాప పరచుకొని కూర్చున్నారు. వెస్లియన్ విశ్వవిద్యాలయంలో శ్రీ ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకొన్నారు. వయొలిన్‌కు ఎల్. శంకర్, తబలాకు జాకిర్ హుస్సేన్, ఘటానికి విక్కు వినాయక్రామ్, మృదంగానికి రామ్నాడ్ రాఘవన్ తోడు కాగా ‘శక్తి’ ఏర్పడినది. 1975 జూలైలో న్యూయార్కు సమీపాన ఒక కళాశాలలో చేసిన కచేరీయే 1976లో తొలి రికార్డుగా వచ్చినది. మూడు రికార్డుల తరువాత బృందం విడిపోయినది. ఇరువది ఏండ్లకు, 1997లో, ‘రిమెంబర్ శక్తి’ అనే పేరుతో మళ్లీ కూడినప్పుడు వయొలిన్ స్థానంలో హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు ఉన్నది. ఆ తరువాత మన శ్రీనివాస్ వచ్చినారు. ఘటం వినాయక్రామ్ స్థానంలో ఆయన కుమారుడు, కంజీరా విద్వాంసుడు సెల్వగణేశ్ కూర్చున్నారు. ఈ కొత్త నలుగురి తొలి సీడీయే ‘ది బిలీవర్’. 1999లో చేసిన కచేరీల నుండి ఆరు రచనలు ఏరి కూర్చినది. కొన్ని పదిహేను, పదునెనిమిది నిమిషాల దాకా సాగును.

బాబాయి గారి ఆక్షేపణను పాత జ్ఞాపకాల బెంగ అని త్రోసివేయుటకు వీలులేదు. వయొలిన్ కమానుతో పలికే వాద్యం. నాదం దారం వలె సాగును. గిటారు మీటితే పలికే వాద్యం. నాదం ముత్యం వలె విడిగా రాలును. పాత ‘శక్తి’లో దారమూ ముత్యమూ ఉన్నవి. కొత్తదానిలో రెండూ ముత్యాలే. గిటారు, మాండలిన్ వేగంగా ఒకదాని వెంట ఒకటి పోతుంటే చిన్న రేడియో పెట్టెలో ఏది ఎవరిదో పోల్చుట కష్టం. నాకు తోచినంతలో ఈ సీడీకి ఇదే నిజమైన లోపం. కృతి లేకపోవుట లోపం కాదు. అది కృతి పాడుటకు కూడిన సభ కాదు.

గుణం ఎక్కడ ఉన్నదంటే లయలో. మాస్టారూ, నా మిత్రుడూ ఇద్దరూ దీనిని దాటిపోయినారు. తబలా ఉత్తరాది వాద్యం, కంజీరా దక్షిణాదిది. గురుపరంపరలు వేరు, సొల్లులు వేరు. ఇద్దరికీ సమానమైన నాణెం ఒకటి ఉన్నది: మూడుసార్లు చెప్పి సమానికి చేరుట. వారు తిహాయి అంటారు. మనవారు ముక్తాయి అంటారు.

శ్రోతలు ఇంట్లోనే దీనిని పరీక్షించవచ్చును. ఆదితాళం ఎనిమిది క్రియలు. క్రియకు నాలుగు చొప్పున ఆవర్తానికి 32 మాత్రలు. “తకిట తకధిమి” అనునది ఏడు మాత్రల మాట. దానిని మూడుసార్లు చెబితే 21. 32లో 21 పోగా 11. కనుక తాళం వేస్తూ 11 మాత్రలు మౌనంగా విడిచి, పన్నెండవ మాత్ర నుండి “తకిట తకధిమి” అని ఎడము లేకుండా మూడుసార్లు అనండి. తరువాతి చప్పట్లు సరిగా సమం మీద పడును. మధ్యలో మాట తాళానికి ఎదురీదుతున్నట్లు, తప్పిపోయినట్లు తోచును. చివర ఒడ్డున దిగును. జాకిర్ హుస్సేన్, సెల్వగణేశ్ ఇటువంటి లెక్కలు ఒకరి చేతి నుండి ఒకరు అందుకొంటారు. గిటారు, మాండలిన్ వాటినే స్వరాలతో చెబుతవి. ఒకరు ఏడుతో ప్రశ్నిస్తే మరొకరు అయిదుతో బదులిస్తారు. నలుగురూ కలిసి ఒకే సమం మీద దిగుతారు.

నా మిత్రుడు ఆరాధించు పాశ్చాత్య యువక బృందాలలోనూ ఇదే లెక్కల ఆనందం ఉన్నది. 1998లో ‘డ్రీమ్ థియేటర్’ వారు ఇద్దరు, బయటివారు ఇద్దరు కలిసి ‘లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్’ అనే పేరుతో తొలి రికార్డు తెచ్చినప్పుడు అభిమానులు ఆశించినది కూడా నలుగురు మేటుల లెక్కల విందునే. భేదం ఒకటే. అక్కడ తరచు తాళపు కొలతే మారిపోవును: ఇప్పుడు ఏడు, వెంటనే అయిదు. ఇక్కడ తాళం గడియారం వలె మారక తిరుగుతుండును. మాటలే దానికి అడ్డంగా నడుస్తవి. అందుచేత మనకు దారి తప్పుట ఒక ఆట. ఇల్లు ఎక్కడ ఉన్నదో చేతికి తెలుసు.

2001లో ఇదే బృందం గాయకుడు శంకర్ మహదేవన్‌ను కలుపుకొని బొంబాయి కచేరీని ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’గా వెలువరించినది. శ్రీనివాస్ అటు విదేశాలలో ఈ బృందంతో, ఇటు కచేరీ వేదిక మీద త్యాగరాజ కృతులతో రెండు జీవితాలు గడిపినారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలుబది అయిదేండ్లకే మరణించినారు. 2023లో ‘శక్తి’ మళ్లీ ‘దిస్ మూమెంట్’ తెచ్చినప్పుడు ఆయన చోట మాండలిన్ లేదు. గణేశ్ రాజగోపాలన్ గారి వయొలిన్ ఉన్నది. 2024లో దానికి గ్రామీ బహుమానం వచ్చినది. ఆ డిసెంబరులోనే జాకిర్ హుస్సేన్ కూడా పోయినారు.

ఆనాటి అరుగు దగ్గరకు మరల వస్తాను. రాత్రి భోజనాలు అయిన తరువాత బాబాయి గారు తమ పాత టేపు వెతికి తెచ్చినారు. ‘లోటస్ ఫీట్’ అనే విలంబ రచన 1976 నాటి తొలి రికార్డులోనూ ఉన్నది, ‘ది బిలీవర్’లోనూ ఉన్నది. వేగం లేదు, లెక్కల యుద్ధం లేదు. ఒక చిన్న వరుస, వెనుక శ్రుతి. ముందు శంకర్ వయొలిన్‌తో, తరువాత శ్రీనివాస్ మాండలిన్‌తో వినిపించినారు. నా మిత్రుడు మొదటిసారి నోరు మెదపలేదు. రెండవది మధ్యకు వచ్చేసరికి మాస్టారు చేయి ఎత్తి ఆపమన్నారు. కోపం వచ్చినదని అనుకొన్నాము.

“ఆ లాగుడు మళ్లీ ఒకసారి పెట్టండి” అన్నారు.

పెట్టినాము. కన్నులు మూసుకొని ఎడమచేతి వేళ్లు మోకాలి మీద ఆడిస్తూ విన్నారు. “కుర్రవాడు పాడుతున్నాడండీ” అని, కాసేపు ఆగి, “ప్రక్కనున్న ఆ దొర మాత్రం కొంచెం తగ్గితే బాగుండును” అన్నారు. బాబాయి గారు వయొలిన్ మాట మళ్లీ ఎత్తినారు. గిటారు మీద మాట పడినందుకు నా మిత్రుడు లేచినాడు. గడియారం పన్నెండు కొట్టేవరకు తగవు తెగలేదు.

మరునాటి ఉదయం పాసింజరు రైలుకు మాస్టారు వెళ్లిపోయినారు. ఆయన సంచిలో పంచెల మడతల నడుమ సీడీ కూడా తాడేపల్లిగూడెం వెళ్లినది. పిల్లలకు తప్పు చూపించుటకు తీసుకొని వెళుతున్నానని చెప్పినారు. అది తిరిగి ఏలూరు చేరుటకు రెండేండ్లు పట్టినది.