కొరియా ధారావాహికలు – మన ఆడపిల్లల స్నేహాలు

కుటుంబమంతా ఒకే టీవీ ముందు కూర్చునే రోజులు పోయి, ఎవరి ఫోనులో వారు చూసుకునే రోజులు వచ్చాయి. సూరత్ నగరానికి దక్షిణాన, ఉధనా, సచిన్ రైల్వే స్టేషన్ల మధ్యనున్న భేస్తాన్ ప్రాంతమూ ఇందుకు మినహాయింపు కాదు. మరమగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన నేత కుటుంబాలూ, ఉద్యోగరీత్యా వచ్చిన మనవంటి కుటుంబాలూ ఈ నగరంలో కలసి జీవిస్తున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడే మన ఆడపిల్లలు ఇప్పుడు కొరియా ధారావాహికలను ఎంతో ఆసక్తితో చూస్తున్నారు. "ఆ పరాయి కథల్లో అంతగా ఏముంది?" అని తల్లిదండ్రులు అడగడం సహజమే. సమాధానం కోసం నేనూ కొన్నింటిని శ్రద్ధగా చూశాను.

నిత్యజీవితమే ఇతివృత్తం

మన దైనిక ధారావాహికలు ఏళ్ళ తరబడి సాగుతాయి. కొరియా ధారావాహికలు సాధారణంగా 12 నుండి 16 భాగాల్లో, భాగానికి సుమారు గంట చొప్పున పూర్తవుతాయి. వీటిలో ఒక తరగతికి చెందినవాటిలో అత్తాకోడళ్ళ కుట్రలుండవు. పగలూ ప్రతీకారాలూ ఉండవు. చదువు, అద్దె, ఉద్యోగం, స్నేహం – ఇవే కథావస్తువులు.

ఇందుకు మంచి ఉదాహరణ 'ఏజ్ ఆఫ్ యూత్'. 'హలో, మై ట్వంటీస్' అన్న పేరుతోనూ ఇది ప్రసిద్ధం. జేటీబీసీ ఛానల్‌లో 2016లో 12 భాగాలుగా, 2017లో రెండవ విడతగా 14 భాగాలుగా ప్రసారమైంది. రచయిత్రి పార్క్ యోన్-సోన్. 'బెల్ ఎపోక్' అనే అద్దె ఇంట్లో ఐదుగురు యువతులు కలసి ఉంటారు. కొత్తగా చేరిన యున్-జే నోరు విప్పి మాట్లాడలేని పిల్ల. అందరూ తనను చులకన చేస్తున్నారని లోలోపల కుమిలిపోతుంది. ఒకనాడు దుఃఖం ఆపుకోలేక బయటపడ్డాక గాని, ఎదుటివారికీ తమతమ ఇబ్బందులున్నాయని ఆమెకు బోధపడదు. వారిలో పెద్దదైన జిన్-మ్యుంగ్‌కు 28 ఏళ్ళు. ఏళ్ళ తరబడి స్పృహలేని తమ్ముడు, ఇంటి అప్పులు. ఒకదాని వెంట ఒకటి చిన్న ఉద్యోగాలు చేస్తూ చదువు పూర్తిచేయాలని పాటుపడుతుంది. హాస్టళ్ళలోనూ, పట్టణాల అద్దె గదుల్లోనూ ఉంటున్న మన పిల్లలకు ఈ మనుషులు పరాయివారుగా తోచకపోవడంలో వింత లేదు.

ఆపదలో ఆదుకొన్నదెవరు?

అన్నిటికన్నా తల్లిదండ్రులు గమనించవలసినది యె-యున్ కథ. ప్రేమించిన యువకుడు తనను అవమానిస్తున్నా ఆమె సర్దుకుపోతూ వస్తుంది. చివరకు తెగతెంపులు చేసుకోగా, అతడు ఆమెను అపహరించి నిర్బంధిస్తాడు. ఆమెను విడిపించడానికి ముందుకు దూకినవారు ఆ ఇంటి సహవాసినులే. కథ అంతటితో ముగిసిందనిపించదు. రెండవ విడతలోనూ ఆమెను భయం వెంటాడుతూనే ఉంటుంది. గాయం మానడానికి కాలం పడుతుందన్న సత్యాన్ని దాచకపోవడం ఈ రచనలోని నిజాయితీ.

2019లో వచ్చిన 'బీ మెలోడ్రమాటిక్' ముప్పయ్యవ ఏట అడుగిడిన ముగ్గురు స్నేహితురాళ్ళ కథ. ప్రియుణ్ణి పోగొట్టుకున్న యున్-జంగ్‌ను ఒంటరిగా విడిచిపెట్టలేక, మిగిలిన ఇద్దరూ ఆమె ఇంటికే వచ్చి ఉంటారు. మరణించినవానితో ఆమె మాట్లాడడం గమనించీ, తొందరపడి నిలదీయరు. "నాకు కష్టంగా ఉంది" అని ఆమె తనంతట తాను చెప్పుకునేవరకు ఓపిక పడతారు. 2022 నాటి 'థర్టీ నైన్'లో ముగ్గురు స్నేహితురాళ్ళలో ఒకరికి నయంకాని క్యాన్సర్ అని తేలుతుంది. మిగిలిన ఇద్దరూ చివరిదాకా ఆమె వెన్నంటి నిలుస్తారు.

ఈ ధారావాహికల్లో మద్యం సేవించే దృశ్యాలు తరచు కనిపిస్తాయి. పెద్దలకు అవి రుచించకపోవచ్చు. చూసే పిల్లల వయస్సును బట్టి విచక్షణ అవసరమే. అయితే ఆ కారణంగా మొత్తాన్ని త్రోసిపుచ్చడం సమంజసం కాదు.

కొరియా కథకు తెలుగు రూపం

ఇక్కడ మన తెలుగు చిత్రమొకటి ప్రస్తావించదగినది. 2017లో వచ్చిన కొరియా చిత్రం 'మిడ్‌నైట్ రన్నర్స్'లో నాయకులు పోలీసు శిక్షణ పొందే ఇద్దరు యువకులు. 2022లో దీన్ని తెలుగులో 'శాకిని డాకిని'గా తీసినప్పుడు, ఆ పాత్రలను ఇద్దరు యువతులుగా మార్చారు. రెజీనా, నివేదా థామస్ నటించారు. మొదట కీచులాడుకున్న ఇద్దరు అమ్మాయిలు ప్రాణస్నేహితులై, అపహరణకు గురైన మరొక అమ్మాయి కోసం తెగిస్తారు. స్నేహబలంతో సాహసం చేయడం మగవారికే పరిమితం కాదని తెలుగు తెర కూడ అంగీకరించిందన్నమాట.

మనం చేయదగినది

ఇంజనీరుగా నాకొక విషయం తోస్తుంది. బరువు మోసే కట్టడాన్ని ఒకే స్తంభంపై నిలబెట్టడం క్షేమకరం కాదు. ఒక స్తంభం కుంగినా తక్కినవి భారాన్ని పంచుకునేలా నిర్మించడం మేలు. కాని మన ఆడపిల్లల జీవితాల విషయంలో మనం చాలావరకు ఈ సూత్రాన్ని మరచిపోతున్నాం. మగపిల్లవాడి స్నేహితులు పెళ్ళయ్యాక కూడ ఇంటికి వస్తూపోతూ ఉంటారు. ఆడపిల్ల స్నేహితురాళ్ళు పెళ్ళిపందిరితోనే సెలవు తీసుకుంటారు. మనవంటి సంస్థల కాలనీల్లో బదిలీ ఉత్తర్వు రాగానే సామాను లారీ ఎక్కుతుంది. పిల్లల స్నేహాలు మాత్రం అక్కడే మిగిలిపోతాయి. రేపు ఆ అమ్మాయి అత్తవారింట్లోనో, పరాయి ఊళ్ళోనో కష్టంలో పడితే, ఇంట్లో చెప్పుకోలేని మాట చెప్పుకోవడానికి ఎవరు మిగులుతారు?

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఒక ఆదివారం మన అమ్మాయి చూసే ధారావాహికలో ఒక భాగం ఆమె పక్కన కూర్చుని చూడవచ్చు. ఆమె స్నేహితురాళ్ళ పేర్లు తెలుసుకోవచ్చు. బదిలీపై వెళ్ళినా, సెలవుల్లో వారిని ఇంటికి పిలవవచ్చు. కోడలి స్నేహితురాలు గుమ్మంలోకి వస్తే, కొడుకు స్నేహితుడికిచ్చే ఆదరణతోనే ఆమెకూ కాఫీ అందించి, వారిద్దరినీ కాసేపు మాట్లాడుకోనివ్వవచ్చు.