మీకు తెలుసా? భూకంపం వెళ్లిపోయిన మర్నాడు తెగిన గట్టు

జపాన్‌లో 1978 జనవరి 14న భూకంపం వచ్చినప్పుడు మొచికోషి బంగారు గని టెయిలింగ్ పాండ్ (లోహం తీశాక మిగిలే బురదను నిలవచేసే చెరువు) గట్టు ఒకటి ఆ కుదుపులకే తెగిపోయింది. పక్కనున్న మరో గట్టు తట్టుకుని నిలబడింది. కానీ దాదాపు 24 గంటల తర్వాత, నేల కదలకుండా ఉన్నప్పుడు, అదీ తెగింది. సైనైడ్ కలిసిన బురద నదిలోకి పోయింది.

ఎందుకలా? ఎచ్చెర్ల నుంచి కళింగపట్నం తీరానికి వెళ్లినప్పుడు, అల వెనక్కి తగ్గిన తడి ఇసుక మీద ఒకేచోట పాదాలతో తొక్కి చూడండి. అంతవరకు గట్టిగా ఉన్న ఇసుక జావగా మారుతుంది, నీరు పైకి ఊరుతుంది, మడమలు దిగబడతాయి. రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపే ఇసుకకు బలం. అదిరితే అవి దగ్గరకు జరగాలని చూస్తాయి. మధ్యలో ఉన్న నీటికి బయటపడే దారి దొరక్క బరువంతా దాని మీద పడుతుంది. టెయిలింగ్ పాండ్‌లో ఉండేదీ ఇదే: పిండిగా నూరిన రాయి, నీరు. లోపల పెరిగిన నీటి ఒత్తిడి మెల్లగా గట్టు వైపు పాకుతుంది కాబట్టే ప్రమాదం మర్నాడు కూడా రావచ్చు.

పాత బురద మీదే కొత్త గట్టు వేస్తూ ఎత్తు పెంచే పద్ధతి అన్నిటికన్నా ప్రమాదకరం. చిలీలోని ఎల్ కోబ్రేలో 1965 మార్చి 28న భూకంపానికి అలాంటి గట్టు తెగి, 200 మందికి పైగా బురద కింద చనిపోయారు. తర్వాత ఆ దేశం ఆ పద్ధతినే నిషేధించింది.

ఖనిజాన్ని గుట్టగా పోసి, మీద రసాయనం చల్లి లోహం రాబట్టే చోట్ల భయం అడుగున ఉంటుంది. కింద పరిచిన ప్లాస్టిక్ షీటు నున్నగా ఉంటుంది. కుదుపుకి గుట్ట దాని మీద జారవచ్చు, షీటు చిరిగితే రసాయనం నేలలోకి దిగుతుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాన్ని భూకంప ముప్పు తక్కువున్నదిగా లెక్కిస్తూ వచ్చారు. అయినా 1917లో విజయనగరం ప్రాంతంలో 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల పక్కన కనిపించే రాతి గుట్టలు పొడిగా ఉన్నంతకాలం ఇలా జావ కావు. నా దృష్టి మాత్రం వంశధార ఎగువన, ఒడిశాలోని లాంజిగఢ్ మీద ఉంది. అక్కడి అల్యూమినా కర్మాగారంలో మిగిలే ఎర్ర బురదను నింపే చెరువు ఆ నదికి దగ్గర్లోనే ఉంది.

చిన్న ప్రకంపనే కదా అనుకోవద్దు. బ్రెజిల్‌లో 2015 నవంబరు 5న ఫుందావ్ టెయిలింగ్ పాండ్ గట్టు తెగి 19 మంది చనిపోయారు. దానికి సుమారు గంటన్నర ముందు అక్కడ చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. అప్పటికే తెగే స్థితికి చేరిన గట్టును అవి మరికాస్త తొందరపెట్టి ఉండవచ్చని ఆ ప్రమాదాన్ని పరిశీలించిన నిపుణుల బృందం చెప్పింది.

గట్టు లోపలి నీటి ఒత్తిడిని పీజోమీటర్లు ఎప్పటికప్పుడు చెబుతాయి. లాంజిగఢ్‌లో అలాంటి కొలతలు కర్మాగారం రికార్డుల్లోనే ఉండిపోకుండా, గొట్టా బ్యారేజీ దిగువన వంశధార నీటితో వరి పండించే రైతులకూ అందాలి.