చైనా మెషిన్, దళిత పెట్టుబడి: మధ్యలో పోతున్నదెంత?

పేపర్ గ్లాసుల మెషిన్, పేపర్ ప్లేట్ల మెషిన్, చెప్పుల సోల్ ప్రెస్. స్వయం ఉపాధి రుణం కోసం బ్యాంకుకు వెళ్లే దళిత యువత ప్రాజెక్టు రిపోర్టుల్లో మాకు ఎక్కువగా కనిపించే యంత్రాలివి. వీటిలో చాలా రకాలు చైనాలో తయారవుతాయి. రిపోర్టుకు జతచేసిన కొటేషన్ మాత్రం ఇక్కడి డీలర్‌ది. ఫ్యాక్టరీ ధర ఎంత, సుంకం ఎంత, డీలర్ లాభం ఎంత అన్నది అందులో ఉండదు. కిస్తీలు కట్టేవాడికి మాత్రం ఆ లెక్క తెలియాలి.

2014లో తెలంగాణలో టీ-ప్రైడ్, 2016లో స్టాండప్ ఇండియా, 2021లో దళితబంధు వచ్చాయి. స్టాండప్ ఇండియాలో రుణం 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు ఉండేది. పోరాడి సాధించుకున్న డబ్బు ఇది. అయితే డబ్బుతో పాటు వ్యాపార జ్ఞానం రాలేదు. తరాలుగా వ్యాపారం చేసిన కుటుంబాల్లో సరుకు, సుంకం, బేరం గురించిన మాటలు అన్నం తినేటప్పుడే పిల్లల చెవిన పడతాయి. మన ఇళ్లకు ఆ మాటలు చేరనివ్వలేదు. అందుకే ఈ లెక్కను ఇక్కడ విప్పి చెబుతున్నాం.

మొదటి మెట్టు: కోడ్

వ్యాపారం కోసం విదేశం నుంచి సరుకు తెప్పించాలంటే దిగుమతి ఎగుమతి కోడ్, అంటే ఐఈసీ, ఉండాలి. డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయల ఫీజుతో మనమే తీసుకోవచ్చు. ఇది పాన్ నంబరుతో ముడిపడి ఉంటుంది. ఏటా ఏప్రిల్-జూన్ మధ్య వివరాలు ధ్రువీకరించకపోతే నిలిచిపోతుంది.

తర్వాత తెలియాల్సింది హెచ్‌ఎస్ కోడ్. ప్రతి సరుకుకూ ఒక నంబరు ఉంటుంది, సుంకం దాన్నిబట్టే పడుతుంది. కాగితంతో, అట్టతో వస్తువులు చేసే యంత్రాలు 8441 కింద వస్తాయి. సరైన ఎనిమిదంకెల కోడ్‌నూ, ఆ రోజు అమల్లో ఉన్న రేటునూ కస్టమ్స్ బ్రోకర్‌తో ముందే ఖాయం చేసుకోవాలి.

అసలు ఖర్చు

ఫ్యాక్టరీ చెప్పే ధర సాధారణంగా ఎఫ్‌ఓబీ. అంటే చైనా రేవులో ఓడకెక్కించే వరకే. ఓడ కిరాయి, బీమా కలిపితే సీఐఎఫ్. మన కస్టమ్స్ సుంకం సీఐఎఫ్ విలువ మీదే వేస్తుంది.

సీఐఎఫ్ విలువ 10 లక్షలు, మూల సుంకం 7.5 శాతం అనుకుందాం. మూల సుంకం 75,000. దాని మీద 10 శాతం సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి 7,500. మొత్తం 10,82,500 అవుతుంది. దీని మీద 18 శాతం ఐజీఎస్‌టీ 1,94,850. అన్నీ కలిపి రేవులో కట్టాల్సింది 2,77,350 రూపాయలు. బ్రోకర్ ఫీజు, రేవు ఛార్జీలు, లారీ కిరాయి వేరు.

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు నిబంధనల మేరకు ఐజీఎస్‌టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు. కాంపొజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. క్రెడిట్ దొరికేవాళ్లు కూడా ముందు నగదు కట్టాల్సిందే. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రిపోర్టులో మెషిన్ ధర 10 లక్షలనే రాస్తారు. రేవుకొచ్చాక 2.77 లక్షలు చేతిలో ఉండవు. గడువు దాటితే కంటైనర్ మీద రోజువారీ ఛార్జీ, దానికి తోడు బ్యాంకు వడ్డీ. అప్పుడు దిక్కు వడ్డీ వ్యాపారే. కాబట్టి ఈ సుంకాన్ని మొదటి రోజే ప్రాజెక్టు ఖర్చులో చూపించాలి.

డబ్బు పంపేటప్పుడు

30 శాతం అడ్వాన్సు, ఓడకెక్కించే ముందు మిగతా 70 శాతం అడగడం అక్కడి రివాజు. చెల్లింపు బ్యాంకు ద్వారా, కంపెనీ పేరున్న ఖాతాకే వెళ్లాలి. "ఖాతా మారింది" అని మధ్యలో ఈమెయిల్ వస్తే ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా రూపాయి కూడా పంపవద్దు.

లెటర్ ఆఫ్ క్రెడిట్ కొంత రక్షణ. అయితే బ్యాంకు చూసేది కాగితాలను, మెషిన్‌ను కాదు. అందుకే ఓడకెక్కక ముందే బయటి సంస్థతో తనిఖీ చేయించి, ఆ సర్టిఫికెట్‌ను లెటర్ ఆఫ్ క్రెడిట్ పత్రాల్లో తప్పనిసరి చేయాలి. మన కరెంటుకు సరిపోయే మోటారు, ఇంగ్లిష్ మాన్యువల్, ఏడాదికి సరిపడా విడిభాగాలు ఆర్డరులోనే రాయించుకోవాలి. చైనాలో త్రీఫేజ్ 380 వోల్టులు, మన దగ్గర 415. బీఐఎస్ నిబంధనలు వర్తిస్తాయా అన్నది డబ్బు పంపకముందే తేల్చుకోవాలి. సబ్సిడీ ఆశించేవాళ్లు నేరుగా దిగుమతి చేసుకున్న మెషిన్‌కు అది వర్తిస్తుందని సంబంధిత ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

మరి డీలర్ వద్దా?

అలా అనడం లేదు. బిగించడం, నేర్పించడం, పాడైతే వచ్చి బాగుచేయడం కూడా ఖర్చే. ఒక్క చిన్న మెషిన్ కోసం ఇంత తిరగడం కొన్నిసార్లు గిట్టదు. కానీ ల్యాండెడ్ కాస్ట్ తెలిసినవాడు బేరం ఆడగలడు, తెలియనివాడు చెప్పిన రేటుకు సంతకం పెడతాడు. "మెషిన్ కొనండి, సరుకంతా మేమే కొంటాం" అనే బైబ్యాక్ మాటల దగ్గర మరింత జాగ్రత్త. మెషిన్ అమ్ముడయ్యాక ఆ మాట నిలబడకపోతే గోదాములో సరుకు, నెత్తిన అప్పు మిగులుతాయి. కొనేవాళ్లు ఎవరో ముందు మనమే చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్న నిబంధన ఉంది, దాన్ని అడగాలి.

ఐదారుగురు కలిసి ఒకే కంటైనర్‌లో తెప్పించుకుంటే కిరాయి, తనిఖీ ఖర్చు, మెకానిక్ జీతం పంచుకోవచ్చు. ఎస్సీ కార్పొరేషన్లు, జిల్లా పరిశ్రమల కేంద్రాలు రుణం మంజూరుతో ఆగిపోకుండా, దిగుమతి లెక్క చూసిపెట్టే మనిషిని కూర్చోబెట్టాలని మనం డిమాండ్ చేయాలి. అప్పటిదాకా కామర్స్, లా చదివే విద్యార్థి మిత్రులు తమ ఊళ్లో ఒక్క కొటేషన్‌నైనా తీసుకుని పై లెక్క వేసి చూపించండి. సంతకం పెట్టకముందే చూపించండి.