ముందు గది వేడి, ఆ తర్వాతే ఈస్ట్

బీరు సీసా చేతికి తీసుకోగానే మనవాళ్లలో చాలామంది కళ్లు వెతికేది ఒక్క అంకె కోసం. ఎంత శాతం? మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం ఆల్కహాల్ 5 శాతం దాటితే అది స్ట్రాంగ్ బీరు, దానికి పైహద్దు 8 శాతం. ఈ అలవాటే సొంతంగా బీరు తయారుచేయబోయేవాళ్లనూ పట్టుకుంటుంది. మొదటి విడతే ఎనిమిది శాతం ఉండాలని పట్టుబడతారు. కొత్తవాళ్ల బీరు చెడిపోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

బెంగళూరు తూర్పు అంచున ఉన్న హూడి చుట్టుపక్కల, వైట్‌ఫీల్డ్ దాకా, ఐటీ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో అమెరికా వెళ్లివచ్చినవాళ్లూ ఉంటారు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో అక్కడ ఇంటి బీరుకు దారి సుగమమైంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా చేసుకోవచ్చు. కర్ణాటకలో అలా కాదు. 1965 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. డాలస్ గ్యారేజీలో చేసిన పని హూడి ఫ్లాట్‌లో చేయడానికి లేదు. ఇక్కడ ఈ విద్యను దగ్గర నుంచి చూడాలంటే మైక్రోబ్రూవరీకి వెళ్లాల్సిందే. విఠల్ మాల్య రోడ్డులో 2011లో తెరుచుకున్న ద బియర్ క్లబ్ తర్వాత నగరంలో అవి చాలా వచ్చాయి. హూడికి దగ్గర్లోనే వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్ ఉంది. అయినా చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు హూడి వాతావరణం మంచి పాఠం చెబుతుంది. వేడి ఊళ్లన్నిటికీ ఆ పాఠం వర్తిస్తుంది.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. కాచి చల్లార్చిన మాల్ట్ నీళ్లలోని చక్కెరను ఈస్ట్ తిని, ఆల్కహాల్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. రుచిలో సగం ఆ తిండి ఎంత వేడిలో సాగిందన్న దానిమీదే ఆధారపడుతుంది. కొట్లో దొరికే మామూలు బీర్లలో ఎక్కువ భాగం లాగర్లు. లాగర్ ఈస్ట్‌కు 8 నుంచి 14 డిగ్రీల చలి కావాలి. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ శుద్ధంగా వేరుచేసి పెంచింది ఈ జాతినే. వేరే ఫ్రిజ్, దానికో థర్మోస్టాట్ లేనివాళ్లు లాగర్ ఊసెత్తకపోవడమే మంచిది. బెంగళూరులో జనవరి రాత్రి కూడా మామూలుగా అంత చల్లగా ఉండదు. ఏప్రిల్ పగళ్లయితే 34 డిగ్రీలు తాకుతాయి.

మిగిలింది అంత చలి అక్కర్లేని ఏల్ రకం బీరు ఈస్ట్. సాఫేల్ యూఎస్-05 లాంటి పొడి ఈస్ట్ కొత్తవాళ్లకు ఎంతో అనువైంది. 11.5 గ్రాముల ప్యాకెట్ ఇరవై లీటర్లకు సరిపోతుంది. సుమారు 18 నుంచి 26 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది. గది 24 డిగ్రీలుంటే బకెట్ లోపల 27 దాటవచ్చు. హద్దు మించితే ఘాటైన ఫ్యూజెల్ ఆల్కహాల్స్ తయారవుతాయి, బీరు గొంతులో మండుతుంది. బకెట్‌ను నీళ్ల టబ్బులో దించి, తడి గుడ్డ చుట్టి, ఫ్యాను పెడితే వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. మొదటి మూడు రోజులే కీలకం.

వేడినే ఇష్టపడే ఈస్ట్ కూడా ఉంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన క్వైక్‌కు 35 డిగ్రీలు కూడా సుఖమే. వాస్ ప్రాంతపు క్వైక్ ఇప్పుడు పొడి రూపంలోనూ దొరుకుతోంది, బీరుకు కాస్త నారింజ వాసన ఇస్తుంది. మే నెలలో ఏసీ లేని గది అయితే మరో ఆలోచన అక్కర్లేదు. తాటికల్లును పులియబెట్టేదీ వేడికి అలవాటుపడిన ఈస్టే. కాకపోతే గాలిలోంచి, కుండలోంచి వచ్చే ఆ ఈస్ట్ వెంట బాక్టీరియా కూడా ఉంటాయి. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పుల్లబడేది అందుకే. ప్యాకెట్ ఈస్ట్ వాడేవాళ్లు పాత్రలన్నీ శానిటైజ్ చేయాలనేదీ ఆ బాక్టీరియాను దూరం పెట్టడానికే.

ఇక బలం. కిలో పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ను మొత్తం ఎనిమిది లీటర్లు వచ్చేలా కలిపితే, ద్రవం సాంద్రతను (గ్రావిటీని) కొలిచే హైడ్రోమీటర్ దాదాపు 1.047 చూపిస్తుంది. పులిసిన తర్వాత అది 1.010కి దిగితే, ఆ తేడాను 131తో హెచ్చిస్తే ఆల్కహాల్ 4.8 శాతం. అదే కిలోను ఐదు లీటర్లకు కుదిస్తే గ్రావిటీ 1.075కు చేరుతుంది, బీరు ఎనిమిది శాతానికి దగ్గరవుతుంది. కానీ ఆ చిక్కటి తీపిలో పడ్డ ఈస్ట్ నలిగిపోతుంది. లీటరుకు దాదాపు రెట్టింపు ఈస్ట్, ఎక్కువ ఆక్సిజన్, వారాల ఓపిక కావాలి. వేడీ ఎక్కువే పుడుతుంది. ఏదైనా తక్కువైతే పులియడం మధ్యలో ఆగిపోయి, తీపీ ఘాటూ కలిసిన ద్రవం మిగులుతుంది. నాలుగున్నర, ఐదు శాతం బీరు అయితే చిన్నచిన్న తప్పులను ఓర్చుకుంటుంది, రెండు మూడు వారాల్లో తాగడానికి సిద్ధమవుతుంది.

తొందరపడకూడని చోటు సీసాలో పోయడం. వరసగా మూడు రోజులు హైడ్రోమీటర్ అంకె కదలకుండా ఉండాలి. బుడగల కోసం లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర చాలు. పులియడం పూర్తికాకముందే మూత బిగిస్తే గాజు సీసా పేలి చేతులు తెగవచ్చు. సైసన్ అనే రకం బీరుకు వాడే కొన్ని ఈస్టులు మిగతా ఈస్టులు వదిలేసే పిండిచక్కెరలను కూడా నెమ్మదిగా తింటూనే ఉంటాయి. అందుకే మొదటి విడతకు అవి వద్దు.

రెండో విడతకు బలం పెంచడం కన్నా ఈస్ట్ మార్చి చూడటం ఎక్కువ నేర్పుతుంది. ఒకే మాల్ట్ నీళ్లను రెండు బకెట్లలో పోసి, ఒకదానిలో యూఎస్-05, రెండోదానిలో జర్మన్ గోధుమ బీరు ఈస్ట్ వేయాలి. మొదటిది శుభ్రంగా, చేదు కోసం బీరులో వేసే హాప్స్ పూల రుచి తెలిసేలా వస్తుంది. రెండోదానిలో అరటిపండు, లవంగం వాసన వస్తుంది, వాటిలో ఏదీ వేయకపోయినా.